వేలికి వినిపించే మాట

మొన్న మా ఇంట్లో పెద్ద తర్జనభర్జన జరిగింది. చీర గురించి కాదు, బంగారం గురించి కాదు, ఆడపడుచు పెట్టుపోతల గురించి అసలే కాదు. ఒక స్విచ్చి గురించి. స్విచ్చి అంటే గోడ మీద లైటు వేసేది కాదు లెండి. కంప్యూటరు కీబోర్డులో ఒక్కొక్క అక్షరం కింద దాక్కొని ఉండే, బొటనవేలి గోరంత స్విచ్చి.

అంత చిన్న దానికి అంత కథ ఉందని నాకూ మొన్న మొన్నటి దాకా తెలియదు. తెలిశాక మాత్రం ఒక ప్రశ్న పట్టుకొని వదల్లేదు. పని ఎలాగూ సాగిపోతున్నప్పుడు, ఆ పని చేసే వేళ్ళకి కూడా హాయిగా ఉండాలని కోరుకోవడం న్యాయమా, విలాసమా? నవ్వకండి. మీ వంటింట్లో పట్టకారు వదులైపోయి ఎన్నాళ్ళయిందో, కత్తిపీట మొద్దుబారి ఎన్నాళ్ళయిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. తర్వాత తీరిగ్గా నవ్వుదురుగాని.

కథ నా ఎడమచేతి మధ్యవేలితో మొదలైంది. పొద్దున లేవగానే ఆ వేలు ముడుచుకోదు. ముడిస్తే విప్పుకోదు. పప్పు గరిటె పట్టుకుంటే జివ్వుమంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన వేలిని అటూ ఇటూ వంచి, "ఈ వేలితో ప్రత్యేకంగా ఏం పని చేస్తారమ్మా?" అని అడిగారు.

"ఒత్తులు పెడతానండీ" అన్నాను.

"రోజుకి ఎన్ని?"

"వేలల్లో ఉంటాయి."

ఆయన కళ్ళజోడు తీసి నా మొహంలోకి భక్తిగా చూశారు. దీపారాధన వత్తులనుకున్నారు పాపం! నేను చెప్పింది అక్షరాల కింద ఒత్తుల సంగతి. అది విడమరిచి చెప్పేసరికి ఆ భక్తి కాస్తా ఎగిరిపోయింది. "గట్టిగా కొట్టకండి. కొన్నాళ్ళు ఆపండి" అన్నారు. రాసేవాళ్ళని ఆపమనడం ఎంత తేలికో!

ఒత్తులకీ మధ్యవేలికీ ఏమిటి సంబంధం అంటారా? 1986లో కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులన్నింటికీ కలిపి ఒక కీబోర్డు అమరిక తయారు చేసింది. దాని పేరు ఇన్‌స్క్రిప్ట్. తెలుగు 'క' ఏ మీట మీద ఉంటుందో హిందీ 'క', కన్నడ 'క' కూడా ఆ మీట మీదే. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు పెట్టారు. ఒత్తు కావాలంటే ముందు హల్లు, తర్వాత పొల్లు, ఆ తర్వాత రెండో హల్లు నొక్కాలి. ఆ పొల్లు ఇంగ్లీషు 'డి' మీట మీద, సరిగ్గా ఎడమచేతి మధ్యవేలి కింద కూర్చుంది. మా ఊరి పేరే చూడండి. చొప్పదండి. చ, ఒత్వం, ప, పొల్లు, మళ్ళీ ప, ద, సున్న, డ, గుడి. మొత్తం 9 నొక్కులు. ఊళ్ళోకి రావడానికే ఇంత శ్రమ!

పోనీ ఒత్తులు లేని కథ రాద్దామా అంటే, తెలుగులో సంసారం గురించి ఒత్తు లేకుండా రాయడం ఎవరి తరం? అమ్మ, అన్నం, ఇల్లు, పెళ్ళి, పిల్లలు, అత్త, అప్పు. అన్నింటికీ ఒత్తే. ఒక్క మగడికే లేదు. అదృష్టవంతుడు.

నాకు గట్టిగా కొట్టే అలవాటు ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. 1997లో డిగ్రీ చదువుతూ కరీంనగర్‌లో టైపు నేర్చుకున్నాను. పొద్దున ఆరున్నర బ్యాచి. గదినిండా ఇనప మిషన్లు. 'ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్' అని ఎడమచేత్తో, 'సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె' అని కుడిచేత్తో పేజీలకి పేజీలు. టైపుమిషను మీద మెత్తగా వేస్తే అక్షరం కాగితం మీద వెలవెలబోతుంది. మూడు కార్బన్లు పెడితే ఆఖరి కాపీలో కూడా అక్షరం పడాలి. అందుకని గుద్దాలి. మా మాస్టారు మొదటి రోజే "ఇది పువ్వు కోయడం కాదమ్మా, మేకు కొట్టడం" అన్నారు. మన దేశంలో గోద్రెజ్ వాళ్ళు 1955లో మొదలుపెట్టిన టైపుమిషన్ల తయారీ 2009లో ఆగిపోయింది. మిషన్లు పోయాయి గాని, ఆ గుద్దుడు మాత్రం నా వేళ్ళలోనే ఉండిపోయింది.

నా పాత కీబోర్డేమో మేకు కొట్టించుకునే రకమే. దాని అక్షరాల కింద రబ్బరు బుడిపెలుంటాయి. బుడిపె పూర్తిగా అణిగి అట్టడుగుకి తగిలితే గాని అక్షరం పడదు. ఒకరోజు కూర్చుని ఇల్లాలి లెక్క ఒకటి వేశాను. వారానికి సీరియలుకి 2,000 మాటలు. మాటకి ఎనిమిది నొక్కులేసుకున్నా 16,000 నొక్కులు. ఒక్కో నొక్కుకి 55 గ్రాముల బలం అనుకుంటే 880 కిలోలు. మా ఊరి వడ్ల కొనుగోలు సెంటరులో 40 కిలోల సంచులైతే 22 సంచులు! వారానికి 22 సంచుల వడ్లు నా పది వేళ్ళే మోస్తున్నాయన్నమాట. అందులోనూ ఎడమచేతి మధ్యవేలు పెద్ద హమాలీ.

బతుకమ్మ పండగకి మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. కంప్యూటరు ఉద్యోగం. నా వేలి గోడు విని, సంచీలోంచి అరచేతిలో పట్టే పలక ఒకటి తీశాడు. దాని మీద తొమ్మిది మీటలు, రంగురంగులవి.

"గిదేందిరా, పిల్లలు ఆడుకునేదా?" అన్నాను.

"కాదు చిన్నమ్మా. కీబోర్డు కొనేముందు ఏ స్విచ్చి మన ఏలికి నచ్చుతదో నొక్కి చూసుకోవాలె. కళ్ళు మూసుకో. ఒక్కోటి నొక్కు" అన్నాడు.

గాజులు చేతికి వేసి చూసుకొని కొంటాం. చెప్పులు కాలికి తొడిగి చూసుకొని కొంటాం. స్విచ్చిని వేలికి వేసి చూసుకోవడం మాత్రం మొదటిసారి. కళ్ళు మూసుకున్నాను.

మొదటిది వెన్నలో వేలు దిగినట్టు దిగిపోయింది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియదు. రెండోది 'టక్కు'మంది. పక్కింటివాళ్ళకి కూడా వినిపించేలా అంది. మూడోది విచిత్రం. దిగుతూ దిగుతూ సగంలో ఒక చిన్న గట్టు తగిలి, దాన్ని దాటి జారింది. చప్పుడు పెద్దగా లేదు. కానీ వేలికి తెలిసింది. జాకెట్టుకి టిచ్ బటన్ పెట్టుకునేటప్పుడు చూడండి, అద్దం అక్కర్లేదు, దీపం అక్కర్లేదు, పడిందని వేలికే తెలుస్తుంది. అచ్చం అలా.

"గది టాక్టైల్ చిన్నమ్మా, అంటే తాకుడు రకం" అని పాఠం మొదలుపెట్టాడు. నాకు అర్థమైనంత మేరకు మీకు చెబుతాను. స్విచ్చి లోపల ఒక ప్లాస్టిక్ కాడ ఉంటుంది. దాని కింద సన్నని స్ప్రింగు, పక్కన లోహపు రేకు. కాడకి చిన్న బొడిపె. మనం నొక్కితే కాడ దిగుతూ ఆ బొడిపెతో రేకుని నెట్టి, దాటి జారుతుంది. మనకి తగిలే గట్టు అదే. మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగగలదు గాని, 2 మిల్లీమీటర్లకే అక్షరం పడిపోతుంది. మిగిలిన రెండూ మనం తెలియక చేసే చాకిరీ.

"సగం దిగంగనే అక్షరం పడ్తది. గట్టు తగిలిందంటే పని అయిపోయినట్టు. ఇగ గుద్దుడు అవసరం లేదు" అన్నాడు వాడు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. పని అయిపోయిందని, ఇక చాలని చెప్పే పనిముట్టు! మన ఇళ్ళలో అలాంటిదొకటి ఉందా? అంట్లకి చాలు లేదు, బట్టలకి చాలు లేదు. పిల్లల చదువుకి ఎంత నొక్కితే చాలో తెలియక అట్టడుగుదాకా నొక్కుతూనే ఉంటాం. అక్షరం ఎప్పుడో పడిపోయి ఉంటుంది, మనం చూసుకోం. నా వేలు నొప్పి రాయడం వల్ల వచ్చింది కాదు. పడిన అక్షరాన్ని పడలేదేమోనని కొట్టడం వల్ల వచ్చింది.

ఈ స్విచ్చుల వంశవృక్షం కూడా చెప్పాడు. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980లలో ఎమ్మెక్స్ అనే స్విచ్చిని తెచ్చింది. రంగుని బట్టి స్వభావం. ఎరుపు సాఫీ రకం, 45 గ్రాముల బలం చాలు. నీలం టక్కు రకం, 60 గ్రాములు. గోధుమ రంగుది తాకుడు రకం, 55 గ్రాములు. పేటెంటు గడువు తీరిపోయాక చైనాలో ఎన్నో కంపెనీలు ఇదే మచ్చున రకరకాలు చేస్తున్నాయి.

మనుషుల్లోనూ ఈ మూడు రకాలే అనిపించింది నాకు. చేసిన పని ఒక్కటీ పైకి చెప్పుకోకుండా వెన్నలా దిగిపోయేవాళ్ళు ఒక రకం. వాళ్ళు ఎంత చేశారో చివరికి వాళ్ళకే లెక్క ఉండదు. గ్లాసు కడిగినా వీధి వీధికీ వినిపించేవాళ్ళు రెండో రకం. చేశానని తమకి తెలిస్తే చాలనుకునేవాళ్ళు మూడో రకం. మూడో రకం ఎంత గొప్పదో రాయడానికి నాకు చెయ్యి దురద పెట్టింది కూడా. కానీ అక్కడ ఒక చిక్కు వచ్చింది.

నిజం చెప్పాలంటే నాకు నచ్చింది నీలం.

అవును, టక్కుమనేదే. కరీంనగర్‌లో నా మొదటి నవల డీటీపీ చేసిన అమ్మాయి దగ్గర టీవీఎస్ గోల్డ్ కీబోర్డు ఉండేది. మన దేశంలో బ్యాంకుల్లో, బిల్లు కౌంటర్లలో, డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి మోగిన కీబోర్డు అది. ఆ పాతవాటిలో ఉండేవి చెర్రీ నీలం స్విచ్చులే. ఆ అమ్మాయి నా వాక్యాలు కొడుతుంటే వడగళ్ళు రేకుల మీద పడ్డట్టుండేది. నేను రాసింది చప్పుడు చేస్తోంది! చేతిరాతలో ఎన్నడూ వినని చప్పుడు. పక్కన స్టూలు మీద కూర్చుని పొద్దస్తమానం విన్నాను. ఇప్పుడు పలక మీది నీలం స్విచ్చి నొక్కగానే ఆ మధ్యాహ్నం అంతా తిరిగి వచ్చింది.

కానీ నేను రాసేది రాత్రి పదింటి తర్వాత. పక్క గదిలో మా అత్తమ్మ పడుకుంటుంది. మధ్యలో ఉన్నది చెక్క తలుపు. ఆ పాత రబ్బరు కీబోర్డు మీద నేను కొట్టే కొట్టుడుకే ఆమె ఎంత ఇబ్బంది పడుతుందోనని ఏళ్ళుగా నాలో ఒక జంకు. ఇక నీలమైతే పెద్దావిడ నిద్ర గోవిందా. అందుకని గోధుమ రంగే నయం అన్నాను.

"నీకు నచ్చింది నీలం గద?" అన్నాడు వాడు.

"ఇంట్ల పెద్దోళ్ళున్నరు రా."

అన్నాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్కవాళ్ళ నిద్ర గురించి ఆలోచించడం మంచితనం. అందులో సందేహం లేదు. కానీ ఆడవాళ్ళం మనకి అడుగు చప్పుడు కాకుండా నడవడం, గిన్నె చప్పుడు కాకుండా దించడం చిన్నప్పటి నుంచీ నేర్పారు కదా. ఇప్పుడు నేను చప్పుడు లేని స్విచ్చిని ఎంచుకోవడం ప్రేమతోనా, భయంతోనా? బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. రెంటికీ చప్పుడుండదు. తేడా లోపల ఎక్కడో, ఆ రెండో మిల్లీమీటరు దగ్గర ఉంటుంది.

అన్నట్టు టైపుమిషనుకీ ఆడవాళ్ళకీ చుట్టరికం పాతదే. 1874లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన టైపుమిషను చూడ్డానికి అచ్చం కుట్టుమిషనులా ఉండేదట. ఆ కంపెనీ కుట్టుమిషన్లు కూడా చేసేది మరి. అలాంటిదే స్టాండు, వరుస మార్చడానికి కాలితో తొక్కే పెడలు, పైన రంగురంగుల పూలు! పువ్వులైతే వేశారు గాని, కొట్టే వేలికి ఎంత బరువు హాయిగా ఉంటుందో అడిగినవాళ్ళు ఆ రోజుల్లో ఎవరైనా ఉన్నారా అని నా అనుమానం.

ఇక డబ్బు మాట. 87 మీటల కీబోర్డు, స్విచ్చులు ఊడదీసి మళ్ళీ పెట్టుకునే రకం, స్విచ్చులు విడిగా, అన్నీ కలిపి ఏడు వేలు దాటుతోంది. మా వారు లెక్క చూసి పేపరు మడిచి, "ఉన్నదాంతోటి అక్షరం పడ్తలేదా?" అని ఒకే ఒక్క ముక్క అడిగారు. పడుతోంది. అందుకే జవాబు చెప్పలేకపోయాను. కోపంగా అడిగి ఉంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. ఆయన మామూలుగా అడిగారు.

ఆ ప్రశ్న మోసుకొని ఎదురింటికి వెళ్ళాను. మా వాడకట్టులో ఒక అక్క ముప్పై ఏళ్ళుగా బీడీలు చేస్తోంది. మా కరీంనగర్ వైపు ఎన్ని ఇళ్ళు ఆ చాట మీద నడిచాయో చెప్పక్కర్లేదు. ఒళ్ళో చాట, చాటలో తంబాకు. తునికాకు మీద అచ్చురేకు పెట్టి కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడిచేదాకా ఆమె కళ్ళు టీవీ మీదే ఉంటాయి. చూసేది వేళ్ళే. కూలి వెయ్యి బీడీల లెక్కన.

సిగ్గుపడుతూనే సంగతి చెప్పాను. ధర కూడా చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కత్తెర నా చేతికిచ్చి, "ఆడించు" అంది. ఆడించాను. ఎంత నాజూగ్గా కదిలిందో! రెండు రెక్కలూ కలిసే చోట వేలికి ఒక చిన్న మాట చెప్పి ఆగింది.

"నాలుగు దుకాణాలు తిరిగి తెచ్చిన. చేతికి రాని కత్తెర ఎంత అగ్గువైతేంది చెల్లె? ఆకు పాడు, ఏలు పాడు" అంది.

నా గుండె తేలికైంది. కొనెయ్యొచ్చన్నమాట! అంతలో ఆమె మళ్ళీ ఆకులు సర్దుకుంటూ, "కత్తెరంటే మన ఇష్టం. ఆకు మాత్రం వాళ్ళు ఇచ్చిందే" అంది. ఏ ఫిర్యాదూ లేకుండా అంది.

ఇంటికి వస్తూ ఆలోచించాను. పనిముట్టు చేతికి నచ్చాలనుకోవడం విలాసం కాదని తేలిపోయింది. రోజంతా వేళ్ళతో పనిచేసేవాళ్ళకి ఆ సంగతి ఎప్పుడో తెలుసు. తెలియనిది మనలాంటి వాళ్ళకే. మనకి డ్రాయింగు రూము సోఫా మెత్తగా లేకపోతే చిన్నతనం గాని, వంటింటి పీట కుదురుగా లేకపోతే చిన్నతనం కాదు. కానీ ఆ అక్కకి ఎంచుకునే హక్కు కత్తెర దగ్గరే ఆగిపోయింది. నాకు ఆకూ నాదే, కత్తెరా నాదే. ఏ కథ రాయాలో, ఏ మాట వాడాలో ఎవరూ చెప్పరు. అంత స్వేచ్ఛ ఉన్నదాన్ని, ఏడు వేలు పెట్టిన మీటల మీద పనికిమాలిన మాటలు కొడితే మాత్రం అది విలాసమే. వస్తువు ధరలో లేదు విలాసం, దానితో చేసే పనిలో ఉంది.

తేలిపోయింది కదా, కొనేశాననుకుంటున్నారా? లేదు. అసలు జబ్బు అప్పుడు పట్టుకుంది. వాడు పంపిన జాబితాలు చూడటం మొదలుపెట్టాను. గట్టు పైన ఉండే స్విచ్చులు, మధ్యలో ఉండే స్విచ్చులు, గుండ్రటి గట్టు, కోసుగా ఉండే గట్టు. స్ప్రింగులు విడిగా మార్చుకోవచ్చు. లోపల రాసే జిడ్డు ఒకటుందట, దాన్ని బొమ్మలేసే కుంచెతో 87 స్విచ్చులకీ రాయాలట. హోలీ పాండా అనేది ఒకటుంది. ఒక రకం స్విచ్చి పెట్టెలో ఇంకో రకం స్విచ్చి కాడ అమర్చి అభిమానులు పుట్టించిన సంకర జాతి. పేరులో పాండా, పైగా పవిత్రమైన పాండా! రాత్రిళ్ళు నవల పక్కన పెట్టి పాండాల గురించి చదివాను. మూడు వారాలు. సీరియలు నాయిక బస్టాండులో నిలబడి ఉంది. ఆమెని బస్సు ఎక్కించే తీరిక నాకు లేదు.

మా ఊరికి ఎంతో దూరం లేని ధూళికట్టలో శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం ఉంది. పడగలు విప్పిన నాగరాజుని చెక్కిన సున్నపురాతి పలకలు అక్కడ దొరికాయి. డిగ్రీలో ఉండగా వెళ్ళాం. అక్కడ మా లెక్చరరుగారు చెప్పిన కథ ఆ మూడు వారాల తర్వాత ఒక రాత్రి హఠాత్తుగా గుర్తొచ్చింది. సోణుడని ఒక భిక్షువు. సుకుమారంగా పెరిగినవాడు. సాధన మోతాదు మించి, నడిచి నడిచి పాదాలు చిట్లి నెత్తురు కారింది. ఇక నావల్ల కాదు, ఇంటికి పోతానని అనుకున్నాడు. అతను పూర్వాశ్రమంలో వీణ బాగా వాయించేవాడు. బుద్ధుడు అతన్ని వీణ గురించే అడిగాడు. తీగలు మరీ బిగిస్తే పలుకుతాయా? మరీ వదిలేస్తే పలుకుతాయా? సోణుడికి అర్థమైంది.

నాకూ అర్థమైంది, కొంచెం ఆలస్యంగా. తీగ శ్రుతి చేసేది పాట పాడటానికి. జీవితమంతా శ్రుతి చేస్తూనే కూర్చుంటే కచేరీ ఎప్పుడు? 'చాలు' అని చెప్పే స్విచ్చి కోసం వెతుకుతూ, వెతకడంలో మాత్రం 'చాలు' అనుకోలేకపోయాను. ఆ గట్టు బజారులో దొరకదు. ఎంచుకునే మనిషిలోనే ఉండాలి. తెల్లవారి మామూలు గోధుమ రంగు స్విచ్చులే తెప్పించమని వాడికి ఫోను చేశాను. ఒక్క కోరిక మాత్రం కోరాను. పొల్లు మీట కింది స్విచ్చిని విప్పి, అందులో ఇంకా తేలిక స్ప్రింగు వెయ్యమన్నాను. వేసిచ్చాడు. 87 మీటల్లో ఒక్కటి నా మధ్యవేలి కోసం. హమాలీకి బరువు తగ్గింది.

మొదటి రాత్రి కూర్చున్నాను. 'ఎఫ్', 'జె' మీటల మీద చూడకుండా చోటు తెలియడానికి చిన్న గీతలుంటాయి కదా. తెలుగు అమరికలో అవి గుడి, 'ర'. చూపుడువేళ్ళు రెండూ అక్కడ పెట్టి, నెమ్మదిగా, గట్టు తగిలేదాకా మాత్రమే నొక్కడం మొదలుపెట్టాను. పాతికేళ్ళ గుద్దుడు ఒక్క రాత్రిలో పోదు. మరిచిపోయినప్పుడల్లా అడుక్కి తగిలి ఠంగుమనేది. ఆగి, మళ్ళీ మెల్లగా. నాలుగో రాత్రికి వేలు మాట వినింది. నాయిక బస్సెక్కింది.

అయిదో రోజు పొద్దున మా అత్తమ్మ చాయ్ గ్లాసు అందుకుంటూ అడిగింది.

"రాసుడు బందు పెట్టినవా బిడ్డా?"

"లేదత్తమ్మా. రోజూ రాస్తున్న."

"మరి సప్పుడు వస్తలేదు?"

"కొత్త కీబోర్డు. సప్పుడుండదు. మీ నిద్ర చెడకుండా గిది తెప్పించిన" అన్నాను. గొంతులో కొంచెం గొప్ప కూడా ఉండే ఉంటుంది.

ఆమె చాయ్ రెండు గుక్కలు తాగింది. "నాకు నిద్రెక్కడిది బిడ్డా ఈ వయసుల? నీ సప్పుడు ఆగితే పన్నెండయిందని తెలిసేది. అప్పుడు మందు గోలి ఏసుకొని పండుకునేదాన్ని. నాలుగు రోజులసంది ఏ యాళ్ళయిందో తెలుస్తలేదు" అంది.

నేను మాట్లాడలేకపోయాను. ఆమె నిద్ర కోసం ఏళ్ళుగా జంకాను. ఆమె నిద్ర కోసం నీలాన్ని వదులుకున్నాను. ప్రేమా భయమా అని తెల్లవార్లూ నన్ను నేను ప్రశ్నించుకున్నాను కూడా. కానీ తలుపు తీసి, "అత్తమ్మా, మీకు చప్పుడు అవుతోందా?" అని ఒక్కసారి ఆమెని అడగలేదు. ఎదుటివాళ్ళ కష్టాన్ని మనమే ఊహించేసుకొని, మనమే త్యాగం చేసేసి, మనమే మురిసిపోవడం! ఇది ప్రేమా కాదు, భయమూ కాదు. దీనికి ఇంకో పేరుండాలి. వేలు పెట్టి నొక్కకుండా గట్టు ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? తొమ్మిది స్విచ్చులు కళ్ళు మూసుకొని నొక్కి చూసినదాన్ని, ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషిని మాత్రం నొక్కి చూడలేదు.

"నీలం రంగువి పెట్టిస్తానత్తమ్మా, టక్కుటక్కుమంటయి" అన్నాను.

"వద్దు తియ్యి. ఏలు నొప్పి తగ్గిందంటివి గద. మళ్ళ ఖర్చెందుకు? పండుకునేటప్పుడు ఒక మాట చెప్పు, చాలు" అంది.

ఇప్పుడు రోజూ రాత్రి దీపం ఆర్పి, ఆమె గది గుమ్మం దగ్గర నిలబడి "అయిపోయిందత్తమ్మా" అంటాను. చీకట్లోంచి "ఎన్ని పేజీలు?" అని వస్తుంది. ఒక్కోసారి రెండు అంటాను. ఒక్కోసారి అర పేజీ అని ఒప్పుకుంటాను. "ఊఁ" అంటుంది. మందు డబ్బీ మూత తీసిన సన్నని చప్పుడు వినిపిస్తుంది. అంతే. నా మాట చేరిందని తెలియడానికి అంతకంటే పెద్ద చప్పుడు అక్కర్లేదు.